నేల మెత్తగా కనబడిన రోజు

ఆ పొద్దున పరంజా మీది నుంచి చూస్తే నేల దూదిలా మెత్తగా కనిపించింది. కర్నూలు కొత్తగా రాజధాని అయిన కాలం. ఊరంతా కట్టుబడి పనులే. నా మొగుడు దావీదు గోడ కడుతుంటే, నేను వెదురు పరంజా మీద నిలబడి సున్నం గంపలు అందించేదాన్ని.

కొన్నాళ్లుగా ఒళ్లు తేలిపోయినట్టు ఉండేది. ఎండలో తెల్లటి వెలుగేదో కదిలేది. మనుషుల మాటలు నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు వినిపించేవి. నొప్పి లేదు. నిజం చెప్పాలంటే హాయిగానే ఉండేది.

మేస్త్రి హుసేనప్ప నా మొహం చూసి, "ఏమ్మా, భయమైతాందా?" అన్నాడు.

"లేదన్నా."

"అయితే ఏం కాదులే. ఈడ నుంచి పడినా ఒళ్లు నొప్పులే."

మా అందరికీ అదే ధీమా. పక్క గుట్టలో రాయికి మందు పెట్టి పేల్చేటప్పుడు ఈల వినగానే దూరంగా పరిగెత్తేవాళ్లం. మనిషెత్తు పరంజా అంటే ఎవరికీ లెక్కలేదు.

గంప అందుకోబోయాను. కళ్ల నిండా వెలుగు పరుచుకుంది. పడుతున్నానని తెలియలేదు. ఎవరో నన్ను నెమ్మదిగా పడుకోబెడుతున్నారనిపించింది. తర్వాత దావీదు గొంతు వినిపించింది: "కండ్లు తెరువు మే, మేరమ్మా."

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. తొడ ఎముక ఫ్రాక్చర్. డాక్టరమ్మ నా కింది రెప్ప లాగి చూసి, రక్తం పరీక్ష కూడా చేయించింది. "కాలు ఇప్పుడు విరిగింది గానీ, జబ్బు ముందు నుంచే ఉంది. అనీమియా. ఒంట్లో రక్తం లేకుండా పైకెట్లా ఎక్కినావమ్మా?"

కాలికి బరువు కట్టి ట్రాక్షన్‌లో ఉంచారు. కదలకుండా పడుకోవడంతో వీపు పుండు పడింది, జ్వరం పట్టుకుంది. పెన్సిలిన్ సూదులు వేశారు. ఆ జ్వరంలో మంచం గాలిలో ఊగేది. కింద దావీదు చేతులు చాచి నిలబడినట్టు కనిపించేవాడు. మెలకువ వస్తే, నిజంగానే నా అరికాలు పట్టుకుని కూర్చుని ఉండేవాడు.

జ్వరం తగ్గాక అడిగాడు. "తల తిరుగుతాందని నాకన్నా చెప్పకపోతివే?"

"భయం కాలేదు. భయమైతే చెప్పేదాన్ని."

అతను దుప్పటి లాగి నా పాదం మీద కప్పాడు.

ఇప్పుడు కడపలో ఉంటున్నాం. కాలు కొంచెం పొట్టిదైంది. ఐరన్ మందు తాగాక తేరుకున్నాను. పరంజా ఎక్కను, కిందనే సున్నం కలుపుతాను.

పనికి పోయే అక్కచెల్లెళ్లకు ఒక్కటే చెబుతాను. తల తేలిపోతున్నట్టుంటే, భయం వేసినా వేయకపోయినా, ఉన్నచోటే కూర్చోండి. పక్కనున్నవాళ్లను పిలవండి.