జోగులమ్మ జీడి గుర్తులు

వనపర్తిలో జోగులమ్మ బండ మీద బట్ట బాదితే, ఆ చప్పుడుకు చెరువులోని చేపలు ఉలిక్కిపడి బిజినేపల్లి దాకా పారిపోయేవట. నీళ్లు లేని దారిన చేపలు ఎట్లా పోయాయని అడిగితే, చెప్పేవాళ్లు కోపగించుకునేవాళ్లు. ఆమె చెయ్యి అంతటిది మరి.

కానీ ఆ పనికి చెయ్యి కన్నా కన్ను ముఖ్యం. పది వీధుల బట్టలు ఒకే బండ మీద కలుస్తాయి, ఒకే తాడు మీద ఆరుతాయి. మళ్లీ ఎవరివి వాళ్లకు చేరాలంటే గుర్తు చూడాలి. జోగులమ్మ నల్లటి జీడిగింజకు సూది గుచ్చి, ఆ రసంతో ప్రతి బట్ట అంచు లోపల ఒక గుర్తు పెట్టేది. రామచంద్రయ్య సారు పంచెలకు రెండు చుక్కల నడుమ గీత. ఖతీజాబీ ఇంటి బట్టలకు మూడు చుక్కలు. ఎస్తేరమ్మ టీచరు చీరలకు కొడవలి వంపు. బట్ట చిరిగిపోవాలే తప్ప గుర్తు చెరగదు.

గుర్తులు చెరగలేదు గానీ, సెల్‌ఫోన్లు ఊళ్లోకి వస్తున్న ఆ రోజుల్లోనే జోగులమ్మ చూపు చెరగడం మొదలైంది. దవాఖానలో నీటికాసులన్నారు. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోమన్నారు. ఆమెకు దిగులు కళ్ల గురించి కాదు, కూతురు జయశ్రీ గురించి. పెళ్లీడు పిల్లే. మాట తక్కువ, నవ్వు ఎక్కువ, బుద్ధి నిదానం. నలుగురి బట్టలు సరిగ్గా చేర్చగలిగితే, తల్లి తర్వాత కూడా తన కూడు తాను తింటుంది. లేకుంటే ఎవరి గడపలో నిలబడాలి?

ఫలానా వాళ్లింటికి పొమ్మంటే జయశ్రీ కళ్లు మూసుకునైనా పోతుంది. తల్లి కొంగు పట్టుకుని పెరిగిన ఇళ్లవి. గుర్తు చూపిస్తే మాత్రం ఆకాశం చూస్తుంది. జోగులమ్మ ఆ పిల్లను ఇంటింటికీ లాక్కుపోయి, "ఇగో గుర్తు, ఇగో దర్వాజ, గిది ఈళ్ల పేరు" అని ఒక్క ఊపిరిలో చెప్పేది. ఒకరోజు ఎస్తేరమ్మ ఇంటి మెట్ల మీద కూలబడి జయశ్రీ ఏడ్చేసింది.

నిదానంగా నేర్చుకునే పిల్లల బడిలో పాఠాలు చెప్పే ఎస్తేరమ్మ బయటికి వచ్చింది.

"జోగులమ్మా, అన్నీ ఒక్కపారే కుక్కితే మూట పిగులదా? ఇండ్ల సంగతి ఇడిసిపెట్టు. పేరు చెప్తే ఇల్లు తెలుసు గద పిల్లకు. నువ్వు పేరుకు గుర్తు నేర్పు, చాలు."

"మరి గుర్తుకు ఇల్లు ఎవరు నేర్పుతరు టీచరమ్మా? నువ్వొస్తవా?"

"ఎవ్వరు నేర్పరు. పేరు నడుమల నిలబడి రెండింటికీ చుట్టరికం కలుపుతది. మా పుస్తకాల్ల దీన్ని ఉద్దీపనల తుల్యత అంటరు."

"పేరైతే జమీందారు లెక్కుంది. పని చేస్తదా?"

"చెయ్యకుంటే నా చీరలకు గంజి పెట్టకు."

ఆ రోజు నుంచి జోగులమ్మ ఇంటి ముందే కూర్చుని మూడు బట్టలు పరిచేది. "రామచంద్రయ్య సారు" అనేది. జయశ్రీ అంచులు తిప్పి చూసి ఒకటి తీసేది. సరైనది తీస్తే బెల్లం ముక్క. తప్పు తీస్తే తిట్టు లేదు, ఆ గుర్తు మీద వేలు పెట్టించి మళ్లీ అదే పేరు. తిట్టకుండా ఉండడం జోగులమ్మకు బట్టలుతకడం కన్నా కష్టమైంది. బెల్లంలో సగం తనే నోట్లో వేసుకుని నాలుకను ఆపుకునేది. ఎండలు ముదిరేసరికి పిల్ల చెయ్యి తడబడడం మానేసింది.

ఒక పొద్దున జోగులమ్మ ఒక చిన్న మూట కూతురి చేతికిచ్చింది. పేరు చెప్పలేదు.

"ఎవరిదో చూసి ఇచ్చిరా బిడ్డా."

జయశ్రీ అంచు తిప్పి చూసింది. పోయింది. జోగులమ్మ గడపలో కూర్చుని, కనబడని వీధిని చూస్తూ, ఉన్న దేవుళ్లందరినీ పిలిచింది. జయశ్రీ ఖాళీ చేతులతో, నవ్వుతూ వచ్చింది. ఆ వెనుకే ఖతీజాబీ గొంతు వినబడింది.

"ఓ జోగులమ్మా! మా సాహెబుకు పంచెలు పంపినవేందే? ఒకటి కట్టుకోని అద్దం ముందట తిరుగుతుండు. రెండోపెళ్లి చేస్తవా ఏంది?"

ఖతీజాబీ వాపసు తెచ్చిన మూటను జోగులమ్మ తడిమింది. రామచంద్రయ్య సారు పంచెలే. పిల్లకు రాలేదు. ఇక రాదు. ఈ మాట వీధిలో పాకితే బట్టలు వేసేవాళ్లే ఉండరు.

"తప్పయింది బీబమ్మా. పిల్లకు తెల్వక ఇచ్చింది."

"జర పరేషాన్ కాకు. మేం ఇల్లు మారి వారం కాలే. నీకూ చెప్పకపోతిమి."

"యాడికి మారిండ్రు?"

"రామచంద్రయ్య సారు ఖాళీ చేసిన ఇల్లే. గా నీలం దర్వాజది."

జోగులమ్మకు అప్పుడు తట్టింది. పిల్ల గుర్తు చూసింది. ఎవరూ నేర్పని దారిలో, ఎవరూ పేరు చెప్పకుండానే, ఆ గుర్తు తీసుకుపోయిన గడప దాకా పోయింది. మారింది మనుషులు. పిల్ల దారి తప్పలేదు. జోగులమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుని ఏడుస్తూ నవ్వింది. సంగతి తెలియని ఖతీజాబీ కూడా తోడుగా కళ్లు తుడుచుకుంది.

మరునాడు జయశ్రీకి రామచంద్రయ్య సారు కొత్త ఇల్లు చూపించి, గుర్తు ఊసెత్తకుండా పేరు మాత్రం చెప్పారు. ఆ తర్వాత రెండు చుక్కల గీత గల బట్టలన్నీ ఆ కొత్త గడపకే చేరాయి. ఎస్తేరమ్మ చీరలు గంజికి బిగుసుకుని, టీచరు లేకుండానే బడికి పోయేవని ఊళ్లో చెప్పుకున్నారు.

వానాకాలం వచ్చేసరికి జోగులమ్మకు వెలుగు, నీడ తప్ప ఏమీ ఆనేవి కావు. ఒక సాయంత్రం జయశ్రీ తాడు మీది బట్టలన్నిట్లోంచి తల్లి చీర ఏరి తెచ్చి ఒళ్లో పెట్టింది.

"దీనికి గుర్తు లేదు గదనే. ఎట్ల తెలిసింది?"

జయశ్రీ తల్లి వేలు పట్టుకుని అంచు లోపల నడిపించింది. ఒక పొడుగు గీత. దానికి ఆనుకుని ఒక చిన్న గీత.

"అమ్మ" అంది. చిన్న గీత దగ్గర ఆగి నవ్వింది.

"మంచిపని చేసినవు బిడ్డా" అంది జోగులమ్మ, చీర గుండెకు హత్తుకుని. "ఇగ నేను యాడన్న తప్పిపోయినా, అంచు తిప్పి చూసి ఇంటికి తెచ్చుకుంటవు."