సైరన్ మోగని నాటి గోధుమ బన్నులు

ఈ ఉదయం పొంగిన గోధుమ పిండి మీది తడిగుడ్డ తీయగానే పుల్లని, తియ్యని వాసన గుప్పున కొట్టింది. ఇంకెవరు గుర్తొస్తారు! ఓదేలు కాకే. గోదావరిఖనిలో మా పక్క క్వార్టరు ఆయనది. గనిలో మందు పెట్టి బొగ్గు పేల్చే పని చేసి రిటైరయ్యాడు. షుగరొచ్చింది, మైదా బన్ను మానెయ్యమని దవాఖానలో చెప్పారు. చాయ్‌లో బన్ను ముంచుకోకుండా బతికే మనిషా కాక! గోధుమ పిండితో తానే చేసుకుంటానన్నాడు. "బండనే పలగ్గొట్టినోన్ని, పిండి పొంగియ్యలేనా?" అని మీసం దువ్వాడు. మొదటి వాయి బన్నులు చాయ్‌లో మునిగాయి గానీ నానలేదు. ఇంకొకరైతే గుట్టుగా పారేసేవారు. కాక వాటిని పళ్లెంలో పెట్టుకుని క్వార్టర్ల లైనంతా తిరిగాడు. "సూడుండ్రి, తొక్కు నూరుకోను అక్కరకొస్తయి" అంటూ తనమీద తానే నవ్వుకున్నాడు.

నాకది వింతగా ఉండేది. నా సంగతి వేరు మరి. కాపురానికొచ్చిన కొత్తలో చుట్టాలకు వండిపెడితే, మా ఆయన మేనమామ "పప్పుల ఉప్పు మరిచినవు కోడలా, రేపు మమ్మల్ని గూడ మరుస్తవు" అన్నాడు. పంక్తంతా పగలబడి నవ్వింది. అంతే, ఆ తర్వాత ఎవరినీ భోజనానికి పిలవనివ్వలేదు. మా ఆయన బతిమాలినా వినలేదు. మొండిదాన్ని, ఏం చేయను! కాక దగ్గర మాత్రం జంకు ఉండేది కాదు. ఈస్టును గోరువెచ్చని బెల్లం నీళ్లలో కలపడం, పిండి మెత్తబడేదాకా పిసకడం, ఇసుక పోసిన డేగిసాలో బన్నులు పెట్టి మూత మీద కూడా నిప్పులు వేయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

తెలంగాణ కోసం గనులన్నీ సమ్మెలోకి దిగిన తొలి రోజుల మాట. చౌరస్తాలో టెంటు వేసుకుని కూర్చున్నవాళ్లకు, సాయంత్రం చాయ్‌లోకి లైనులో రోజుకో ఇంటివాళ్లు ఏదో ఒకటి తీసుకెళ్లాలి. మా వంతు వచ్చేసరికి ఏం చేయాలో తోచక కాక దగ్గరికి పరుగెత్తాను. "ఫికర్ జెయ్యకు బిడ్డా, బన్నులు జేద్దాం" అన్నాడు కాక. పెద్ద గంగాళం నిండా పిండి పిసికాం. మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగగానే పొయ్యి రాజేయడం మా అలవాటు. ముచ్చట్లలో పడ్డాం. పొద్దు వాలుతోంది, సైరన్ జాడ లేదు.

"ఏంది కాకా, ఇయ్యాల సైరన్ గింత లేటు?" అన్నాను.

కాక చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "ఓర్నీ! సమ్మెల సైరనెట్ల మోగుతది బిడ్డా? బందు వెట్టింది మనమే గదా!"

ఉరికి చూస్తే పిండి గంగాళం దాటి నేల మీదికి జారింది. మిగిలినదాన్ని అణిచి, మళ్లీ చుట్టి కాల్చాం. బన్నులు పొంగు లేకుండా, పుల్లగా వచ్చాయి. "నేను రాను కాకా, నువ్వే పట్టుకపో. మల్ల నవ్వుతరు" అని ఏడ్చేశాను.

"నవ్వనియ్యి. నవ్వుకుంట తింటే అరగదా ఏంది? నడువు" అని గంప ఎత్తుకున్నాడు.

టెంటులో ఒకాయన బన్ను కొరికి మొహం చిట్లించాడు. కాక ఏదో చెప్పి గట్టెక్కిస్తాడనుకున్నాను. ఆయనేమో వెనక్కి జరిగి "నీ నోటితోనే జెప్పు బిడ్డా" అన్నాడు. "సైరన్ మోగుతదని సూసుకుంట కూసున్నమన్నా, పిండి పులిసింది" అన్నాను ఎలాగో. టెంటు ఎగిరిపోయేలా నవ్వారు! ఆ మొహం చిట్లించినాయనే లేచి, "నేనైతె మొన్న బూట్లేసుకొని గడపల నిలవడ్డ చెల్లె, సైరన్ కోసం!" అన్నాడు. ఆ నవ్వుల్లో నేనూ నవ్వుతున్నానని కాసేపటికి గానీ తెలియలేదు. చాయ్‌లో ముంచుకుని గంప ఖాళీ చేశారు. దేవుడా, ఎంత సంతోషమనిపించిందో!

ఆ రాత్రే మా ఆయనతో "ఆదివారం మీ మేనమామోళ్లను రమ్మను" అన్నాను. ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమో అని చూశాడు.

రాష్ట్రం రావడం కళ్లారా చూసి కాక కన్నుమూశాడు. ఆయన వల్ల మా వంటింట్లో భయం పోయింది. ఏదైనా మాడితే వడ్డించేముందే చెప్పేస్తాను, నవ్వడం కూడా నేనే మొదలుపెడతాను. ఈ రోజు మా అమ్మాయి స్నేహితులు తినడానికి వస్తున్నారు. సగం మంది పేర్లు నాకు తెలియవు. రమ్మన్నది మాత్రం నేనే.