సర్వర్ మూడోసారి పడిపోయిన రోజు

ఫోన్ వచ్చేసరికి నేను అన్నం ముందు కూర్చున్నాను. ఇంకా ముద్ద కలపనే లేదు. "జల్దీ రా తల్లీ, సర్వర్ మళ్ల పడ్డది. కౌంటర్ కాడ మంది లొల్లి పెడ్తున్నరు" అన్నాడు ఆసుపత్రి సెక్రటరీ. తింటున్నానని చెబితే వినే మనిషి కాదు. కంచం మీద మూత పెట్టి స్కూటీ తీశాను. హోట్గి రోడ్ నుంచి దాజీ పేట్ దాకా ఆయన్నీ, నన్నూ, ఆ సర్వర్‌నీ తిట్టుకుంటూనే వెళ్ళాను.

అది ఈ మరాఠీ ఊళ్ళో స్థిరపడ్డ మా తెలుగు నేతపనివాళ్ళ ట్రస్టు నడిపే చిన్న ఆసుపత్రి. నా ఉద్యోగం వేరే. ఇంట్లో కూర్చుని ఒక కంపెనీ డేటాబేస్‌లు చూసుకుంటాను. పొద్దంతా ఆ గోల చాలదన్నట్టు, మనవాళ్ళది కదా అని దీన్ని కూడా నెత్తికెత్తుకున్నాను. ఏం ఖర్మో, కాదనడం నాకు చేతకాదు. ఇంకో సంగతి కూడా ఉంది. మా నాయిన అక్కడ అటెండర్. జీవితమంతా మరమగ్గాల మీద పనిచేసి, కార్ఖానా మూతపడ్డాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే, నేనే అడిగి ఆ పని ఇప్పించాను. గదులు తెరవాలి, మూయాలి, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. తాళాలగుత్తి నడుముకు దోపుకుని కలెక్టరులా తిరిగేవాడు.

నేను వెళ్ళేసరికి ఆపరేటర్ అమ్మాయి గోడకానుకుని ఏడుస్తోంది. మధ్యాహ్నం కాసేపు కరెంటు పోయి వచ్చింది. ఆ పిల్ల ఇంటికెళ్ళి తిని వచ్చి చూస్తే సర్వర్ దానంతటదే పడి లేచి ఉంది, డేటాబేస్ మాత్రం తెరుచుకోవడం లేదు. పొద్దుటి నుంచి వచ్చిన రోగుల వివరాలు సగం కనబడటం లేదు. వెనకటి రెండుసార్లూ ఇదే తంతు, ఇదే అన్నం వేళ.

"పెన్ డ్రైవ్ పెట్టి పాటలు ఎక్కిస్తది ఈమె. గండ్లకెల్లే ఏదో వైరస్ వచ్చింది" అన్నాడు సెక్రటరీ. "సాయంత్రం దాకా చూస్త. నువ్వు వేరే కారణం చూపెడితే బరోబర్. లేకుంటే రేపటికెల్లి రావద్దని చెప్త."

ఆయన అటు వెళ్ళగానే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నేనేం ముట్టలే. ఒట్టు. ఈ పని పోతే మా అమ్మ మళ్ల బీడీల చాట ముందట పెడ్తది." వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది. ఈ పిల్ల కూడా చుట్టిందే. ఆ ఆకు, ఆ తంబాకు వాసన వదిలించుకుని ఇక్కడిదాకా రావడానికి ఎంత కష్టపడిందో నాకు తెలుసు. అయినా విసుక్కున్నాను. "ఏడుపు ఆపు ముందు. నువ్వు ఏడిస్తే లాగ్‌లో రాసింది మారదు."

సర్వర్ తను చేసే ప్రతి పనినీ లాగ్ అనే ఫైల్లో రాసుకుంటూ పోతుంది. వైరస్ అయితే దాని వెధవ వేషాలు ఎక్కడో ఒకచోట కనబడతాయి. మెమరీ చాలకపోతే ముందు నుంచే సణుగుతుంది. మనిషి ఆపితే, ఆపుతున్నానని చెప్పి మరీ ఆగుతుంది. కళ్ళు లాగేదాకా వెతికాను. ఇవేవీ లేవు. ఒక వాక్యం మధ్యలో తెగిపోయింది, అంతే. మూడుసార్లూ అంతే. అంటే కరెంటు అందక చచ్చింది. కానీ కరెంటు పోయింది కొద్దిసేపే. యూపీఎస్ బ్యాటరీ అంతకు ఎన్నో రెట్లు సేపు మోయాలి. బ్యాటరీ పాడైందా? దాన్ని చూసుకునే పని కూడా ఆ పిల్లదే. అబ్బ, ఎటు తిప్పినా ఆ పిల్ల మెడకే చుట్టుకుంటోంది.

పాడైన డేటాను బ్యాకప్ నుంచి అతికించి కౌంటర్ నడిచేలా చేశాను. తర్వాత బ్యాటరీ సంగతి తేల్చుకుందామని ఆఫీసు వైపు మెయిన్ ఒక్కటే కాసేపు ఆపి మళ్ళీ వేయమని అమ్మాయిని పంపి, నేను సర్వర్ వెనక నేల మీద కూలబడ్డాను. ఫ్యాన్లు ఆగాయి. యూపీఎస్ కీచుమంటూ అందుకుంది. సర్వర్ చెక్కుచెదరలేదు. బ్యాటరీ నిక్షేపంగా ఉంది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. మా నాయిన. నన్ను చూడలేదు. గోడ వెంబడి వస్తూ టక్, టక్, టక్‌మని స్విచ్‌లన్నీ ఆపేసుకుంటూ పోయాడు. చివరికి వంగి, యూపీఎస్‌కు కరెంటు అందించే గోడ స్విచ్ కూడా ఆపాడు. బయట మెయిన్ మళ్ళీ వేసినట్టున్నారు, వరండాలో ఫ్యాన్ తిరిగింది. ఈ గదిలో యూపీఎస్ ఇంకా కీచుమంటూనే ఉంది. మగ్గాల హోరులో ఏనాడో సగం పోయిన ఆ చెవులకు ఇంత సన్నటి కూత వినబడదు.

"ఏం చేస్తున్నవ్ నాయినా?" అని గట్టిగా అడిగాను.

ఉలిక్కిపడి, నన్ను చూసి నవ్వాడు. "నువ్వున్నవా? కరెంటు పోయింది గద బిడ్డా. వచ్చుడు వచ్చుడే ఝట్కా కొడ్తది. మోటర్లు కాల్తయి. సాంచలకు గిట్లనే బందు చేస్తుంటిమి."

సాంచ అంటే మరమగ్గం. కరెంటు పోగానే ప్రతి మగ్గాన్నీ ఆపేయాలి, లేదంటే వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారి అదిరి పోగులు పటపటా తెగుతాయి. చిన్నప్పుడు నేనూ చూశాను.

"ఇది కూడా ప్రతిసారీ ఆపుతవా?"

"గదిల ఆ పిల్ల లేకుంటే ఆపుత. లైట్లు, పంకాలు కరెంటు రాంగనే లగేచ్ ఏస్త. నీ మిషన్‌ది మాత్రం ఆఖర్ల ఏస్త, కరెంటు ఇగ పోదని ఖాత్రి అయినాంక. నువ్వు చూసుకునే మిషన్ గద, పైలంగ చూడాలె, కాళ్జీ ఉండద్దా?"

ఓరి దేవుడా. కరెంటు ఎప్పుడో వచ్చేసేది. గోడ స్విచ్ ఆపి ఉండటంతో యూపీఎస్ ఉన్న బ్యాటరీ అంతా తాగేసి ఆగిపోయేది. ఈయన తీరిగ్గా స్విచ్ వేస్తే సర్వర్ దానంతటదే లేచేది. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేను. గోడలో వైరింగ్ వదులైందని చెప్పేస్తే పోదా అనుకున్నాను. కానీ రేపు ఎలక్ట్రీషియన్ వచ్చి ఏం లేదంటాడు. ఎల్లుండి సర్వర్ మళ్ళీ పడుతుంది. ఆ పిల్ల చాట ముందు కూర్చుంటుంది.

చెప్పాను. ఆ స్విచ్ ఆపడం వల్లే సర్వర్ పడిపోతోందని, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన వంగి ఆ స్విచ్ మళ్ళీ వేశాడు. "గందుకేనా ఆ పిల్లను తిడుతున్నరు?" అన్నాడు. అవునన్నాను.

నాకంటే ముందే నాయిన సెక్రటరీ గదిలోకి వెళ్ళాడు. "నేనే బందు చేసిన సారూ, మూడుసార్లు. ఆ పిల్లకు దీంట్ల ఏం సంబంధం లేదు."

సంగతంతా విని సెక్రటరీ మెత్తబడ్డాడు. "పోనీ తీ కాకా. ఇగ ఆ స్విచ్ ముట్టకు. అయిపాయె."

"ముట్టకుంట ఉండలేను సారూ. కరెంటు పోతే నా చెయ్యి నన్ను అడగది. అదే పోయి బందు చేస్తది."

స్విచ్ మీద టేపు వేస్తానన్నాను. "ఎన్నిటికి ఏస్తవ్ బిడ్డా? దవాఖానంత మిషన్లే" అని నడుము నుంచి తాళాలగుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. సెక్రటరీ వద్దన్నాడు, అమ్మాయి "కాకా, పోకు" అంటూ మళ్ళీ ఏడుపు మొదలుపెట్టింది. ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి వేసి, "నువ్వు రేపు యాల్లకు రా" అని చెప్పి బయటికి నడిచాడు.

నా వెనక స్కూటీ మీద కూర్చున్నాడు. నాకు ఆకలి చచ్చిపోయింది. అశోక్ చౌక్ సిగ్నల్ దగ్గర ఆగాం. వెనక నుంచి నా భుజం తట్టాడు.

"బిడ్డా, గిన్నేండ్లు సాంచలకు గూడ గిట్లనే చేసిన గద. వాటిని గూడ నేనే ఖరాబ్ చేసిన్నా?"

"లేదు నాయినా, వాటికి అదే సరైన పని" అని అరిచి చెప్పాను. పక్క ఆటోలో వాళ్ళు తిరిగి చూశారు. పచ్చ సిగ్నల్ పడింది, బండి కదిలింది. కాస్త దూరం వెళ్ళాక మళ్ళీ అడిగాడు.

"నిజంగనేనా?"