పార్వతి ఎవరి మనిషి

ఈ మధ్య మా ఊళ్ళో ఎవరైనా పార్వతిని పొగుడుతుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. బతికుండగా ఆవిణ్ణి ఎవరెవరు ఏమన్నారో నాకు తెలుసు. నా కుట్టుమిషను స్కూలు గేటుకి ఎదురుగానే ఉంటుంది. అక్కడ కూర్చున్నదానికి ఊరి మాటలు వద్దన్నా చెవిన పడతాయి.

పార్వతిది బొబ్బిలి దగ్గర పల్లె. చోళ్ళూ నువ్వులూ పండించుకునే ఇంటి పిల్ల. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసే మా ఊరి జ్ఞానానందాన్ని ఇష్టపడి చేసుకుంది. వాళ్ళది తాతల కాలం నుంచీ బాప్టిస్టు కుటుంబం. ఆదివారం మొగుడితో చర్చికి వెళ్ళేది. విజయనగరంలో అమ్మవారి సిరిమాను తిరిగే రోజున పుట్టింటివాళ్ళతో వెళ్ళి, ఆ జనంలో నలుగుతూ దణ్ణం పెట్టుకొచ్చేది. ఇదేం తీరు అని ఒకసారి అడిగాను.

"ఒకలు పుట్టింటోలు, ఒకలు అత్తింటోలు వదినా. ఎవుల్ని ఒగ్గీమంటావు?" అని నవ్వింది.

ఆ నవ్వు కొడుకు ఫిన్నీ కాలితోనే పోయింది. వాడు ఆరో తరగతికని రోడ్డవతల హైస్కూలుకి మారిన ఏడాదే, గ్రావెల్ టిప్పరు గుద్దేసింది. పిల్లాడు దక్కాడుగానీ ఒక కాలు పొట్టిదైపోయింది. నడుస్తుంటే పక్కకి ఒరిగిపోతాడు. అప్పట్నుంచీ టిప్పరు హారను వినబడితే చాలు, పార్వతి చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది.

అలాంటి మనిషికి పిడుగులాంటి కబురు వచ్చింది. మా ఊరి స్కూల్లో మూడు, నాలుగు, అయిదు తరగతులు ఎత్తేసి హైస్కూల్లో కలిపేస్తారట. అంటే మొన్నటిదాకా ముక్కు తుడుచుకోవడం రాని పిల్లలు రోజూ ఆ రోడ్డు దాటాలి. పార్వతి కూతురు షీబా అప్పుడు రెండో తరగతి. స్కూలు కమిటీ ఇందుకు ఒప్పుకోం అని తీర్మానం చేస్తే ఆపించే వీలుంటుందని హెడ్మాస్టరుగారు మెల్లగా మా చెవిన వేశారు. కమిటీకి కొత్త చైర్మన్ని ఎన్నుకునే రోజులవి. పార్వతి నిలబడతానంది. తల్లులందరం సరేనన్నాం.

ఎదురు నిలబడినవాడు ఎల్లాజీ. వాణ్ణి నిలబెట్టింది నరసింగరావు. ఈయన గుడి కమిటీకి పెద్ద, అధికారంలో ఉన్న పార్టీకి ఊళ్ళో పెద్ద. తరగతులు కలపడానికి ఊరిచేత ఒప్పిస్తానని పైవాళ్ళకి అప్పటికే మాటిచ్చేశాడు. ఆయన ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టడం తప్ప ఎల్లాజీకి ఇంకో విద్య రాదు.

రోడ్డు సంగతి ఎత్తితే నెగ్గలేనని నరసింగరావుకి తెలుసు. అందుకని పార్వతి సంగతి ఎత్తాడు. ఒకరోజు నా కొట్టు దగ్గరే ఆవిణ్ణి ఆపాడు.

"ఏటమ్మా పార్వతీ, పేరు సూస్తే అమ్మవారిది, ఎల్లేది సూస్తే చర్చికి. ఇంతకీ నువ్వెవుల మనిషివి?"

"పిల్లల తల్లిని బాబూ."

"మీ అన్న గోపి ఆ ఓడిపోయిన పాత పార్టీ జెండా మోసినోడు కాడేటి? రేపు నువ్వు చైర్మనైతే స్కూలు చర్చోలదవుద్దా, ఆ పార్టీదవుద్దా?"

"మా అన్న జెండా మోస్తే నాకేటి బాబూ? నాను రోడ్డు గురించి సెప్తన్నాను."

"రోడ్డు తరవాత. ముందు నీ సంగతి తేలాల."

ఆయన అక్కడితో ఆగలేదు. ఆదివారం ఎవరింటికి వెళ్ళింది, గుళ్ళో ప్రసాదం పెడితే తిన్నదా, కళ్ళకద్దుకుని పక్కన పెట్టిందా అని ఊరంతా కూపీ లాగాడు. ఇటు పాస్టరుగారూ తక్కువ తినలేదు. సిరిమానుకి వెళ్ళి దణ్ణం పెట్టే సహోదరికి మన సంఘం ఎలా మద్దతిస్తుందని ఆయన అన్నాడట. ఛీ, ఇద్దరికిద్దరూ సరిపోయారు! ఫిన్నీ కాలు గురించి ఒక్కడంటే ఒక్కడు మాట్లాడలేదు.

ఎన్నిక రోజు పొద్దున్నే జ్ఞానానందం బొట్టుబిళ్ళల అట్ట తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఎట్టుకో. ఆల్ల నోర్లు మూతపడతాయి. పిల్లల కోసరమే కదా, దేవుడు ఏటీ అనుకోడు," అన్నాడు.

పార్వతి అద్దం ముందు చాలాసేపు నిలబడి చిన్న ఎర్రబిళ్ళ అంటించుకుంది.

స్కూలు వరండా నిండిపోయింది. ఆవిడ నుదురు చూసి గుడివైపు మగాళ్ళు కాస్త మెత్తబడ్డారు. చర్చికి వెళ్ళే ఆడవాళ్ళు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హెడ్మాస్టరుగారు ఇద్దరినీ రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఎల్లాజీ నమస్కారం పెట్టి, కాసేపు నీళ్ళు నమిలి కూర్చున్నాడు.

పార్వతి లేచింది. కొంగు సర్దుకుంది. రెండు చేతులూ జోడించి, "అందరికీ వందనాలు" అంది.

అంతే, వరండాలో గుసగుసలు లేచాయి. ఏళ్ళ తరబడి చర్చి గుమ్మంలో, అత్తింటి చుట్టాల దగ్గర అలవాటైన మాట. కంగారులో నోటికి అదే వచ్చింది. నరసింగరావు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"సూసారా! నుదుటికి బొట్టెట్టినాది గానీ, నోటికి ఎట్టనేకపోనాది! మనల్ని మోసం సేద్దామని ఏసం కట్టినాది!"

చర్చివాళ్ళయినా నిలబడతారేమోనని చూశాను. ఎందుకు నిలబడతారు? పదవి కోసం బొట్టు పెట్టిన మనిషి అని వాళ్ళు తలలు దించుకున్నారు. చేతులెత్తమన్నప్పుడు నేను ఎత్తాను, మనవడి తరఫున వచ్చిన గున్నమ్మత్త ఎత్తింది, ఇంకో ఇద్దరు ముగ్గురు. మిగతా తల్లులు మొగుళ్ళ వైపు చూసి చేతులు కొంగుల్లో దాచుకున్నారు. పార్వతి ఇంకా చేతులు జోడించే నిలబడి ఉంది. రోడ్డు మాట ఎత్తనేలేదు పాపం.

ఎల్లాజీ సంతకం పెట్టాడు. జూన్లో స్కూళ్ళు తెరవగానే పిల్లలు రోడ్డెక్కారు.

రెండో రోజే పార్వతి నా దగ్గరకి వచ్చి ఎర్రగుడ్డ అడిగింది. జాకెట్టు ముక్క ఒకటి కర్రకి కుట్టిచ్చాను. పొద్దునా సాయంత్రం అది పట్టుకుని రోడ్డు మధ్యన నిలబడేది. టిప్పర్లు ఆగేవి. తనకి చెయ్యెత్తనివాళ్ళ పిల్లల్నీ షీబా వెనకే వరసపెట్టి దాటించేది. గున్నమ్మత్త తన మనవణ్ణి రోజూ ఆవిడకే అప్పజెప్పేది.

కొన్నాళ్ళకి నరసింగరావు మళ్ళీ దిగాడు.

"ఎర్రజెండా అట్టుకుని రోడ్డు మీద నిలబడితే ఏ పార్టీ అనుకోవాల? ఎవులు పంపినారు నిన్ను?"

"పార్టీ కాదు బాబూ, లారీ ఆగడానికి."

ఆయన వింటేగా! కర్ర లాక్కుని తుప్పల్లోకి విసిరేశాడు. నేను కడుపుమంట పట్టలేక నాలుగు కడిగేశాను. పార్వతే నన్ను ఆపింది. సాయంత్రం వేరే రంగు కుడతానన్నాను. తల అడ్డంగా ఊపింది.

"పసుపైతే ఒకలదంటారు, నీలమైతే ఇంకొకలదంటారు. కాసాయం అట్టుకుంటే పాస్టరుగారు ఊరుకోడు. తెల్లది లారీవోడికి అవుపడదు. ఒగ్గీ వదినా. నా సెయ్యుంది కదా, దీనికి రంగు నేదు."

డిసెంబరులో ఒక పొద్దున్న మంచు గోడలా పట్టేసింది. పార్వతి వట్టి చెయ్యెత్తి రోడ్డు మధ్యకి వెళ్ళింది. టిప్పరు దగ్గరకి వచ్చేసిందని చప్పుడునిబట్టి తెలిసి పిల్లల్ని వెనక్కి తోసేసిందట. పిల్లలకి గీత కూడా పడలేదు. ఆవిడ మాత్రం ఆసుపత్రి దాకా కూడా దక్కలేదు.

డ్రైవరు రోడ్డు మీదే చతికిలబడి ఏడ్చాడు. "సెయ్యి అవుపడనేదమ్మా. ఏదో ఒక గుడ్డముక్క ఉంటే ఆగీవోణ్ణి," అన్నాడు. ఆ మాట నా చెవుల్లోంచి పోదు.

పదకొండో రోజుకి స్కూలు గేటుకి రెండువైపులా రెండు ఫ్లెక్సీలు లేచాయి. ఒకటి నరసింగరావుది. 'మా ఊరి ఆడపడుచు, త్యాగమూర్తి' అట. రెండోది పాస్టరుగారూ పాత పార్టీవాళ్ళూ కలిసి వేయించినది. 'ప్రభువునందు నిద్రించిన మా సహోదరి' అట. బతికుండగా ఎవరికీ కాని మనిషి ఇప్పుడు అందరికీ కావలసింది. రెండింట్లోనూ ఎన్నిక నాడు స్కూల్లో తీసిన ఫోటోయే. నరసింగరావు దాంట్లో ఆ చిన్న బిళ్ళని రూపాయి కాసంత చేసి పెట్టించాడు. రెండో దాంట్లో బిళ్ళే లేదు, చెరిపేశారు.

గున్నమ్మత్త మనవడి చెయ్యి పట్టుకుని వచ్చి వాటి ముందు నిలబడింది. కళ్ళు చికిలించి అటూ ఇటూ చూసింది.

"ఒసే, నాకు సూపు ఆనదు. ఈల్లిద్దర్లో మన పార్వతి ఎవుతే?"

వాడి రెండో చెయ్యి నేను పట్టుకున్నాను.

"ఇద్దరూ కాదత్తా," అన్నాను.