విన్నీ పుస్తకంలో లేని ఉరి

విన్నిఫ్రెడ్ స్కేఫ్ పద్నాలుగో ఏట బడి మానేసింది. హిట్లర్‌తో యుద్ధం మొదలైన మరుసటి ఏడాది అది. తండ్రి అప్పటికే పోయాడు, తల్లికి కీళ్లనొప్పులు. లౌత్ అనే చిన్న ఇంగ్లీషు ఊళ్లో ఆసుపత్రి లాండ్రీలో చేరి నలభై ఆరేళ్లు దుప్పట్లు ఉతికింది, మడతలు పెట్టింది. అరవై నిండాక ఇంటికొచ్చి మూడు నెలలు ఊరికే కూర్చుంది. నాలుగో నెలలో, పదహారేళ్ల పిల్లలు రాసే ఇంగ్లీషు సాహిత్యం పరీక్షకు కడతానంది.

మొగుడు సిరిల్ పెరటి మడిలో క్యాబేజీకి పురుగులు ఏరుతున్నాడు.

"ఏమే, ఈ వయసులో పరీక్షలా? తప్పితే బెంచీ ఎక్కిస్తారు. మోకాళ్లు పట్టేస్తాయి చూసుకో."

"ఎక్కిస్తే ఎక్కుతాలే. నీ క్యాబేజీలు పైనుంచి బాగా కనపడతాయి."

ప్రతి బుధవారం మధ్యాహ్నం గ్రంథాలయం మేడ మీద క్లాసు. ఎనిమిది మంది. పాఠం చెప్పేది మిస్ పించ్‌బెక్, ముప్పై దాటని పిల్ల. పరీక్షకు పెట్టిన నాటకం మొదటి ఎలిజబెత్ రాణి కాలం నాటిది. ఒక కుర్రరాజు సముద్రం దాటి పరాయి దేశం మీదికి పోతాడు, కోటలున్న పట్నాన్ని ముట్టడిస్తాడు, గెలుస్తాడు. మిగతా ఏడుగురూ గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకున్నారు. విన్నీకి మాత్రం చర్చిలో పాత సామాన్లు అమ్మినప్పుడు దొరికిన ఆకుపచ్చ అట్ట పుస్తకం ఉంది. సొంత పుస్తకం కదా అని ఆమెకు కాస్త గర్వం.

మొదటి వారం నుంచే తిప్పలు. "నలభై రెండో పేజీ తీయండి," అనేది పించ్‌బెక్. విన్నీ పుస్తకంలో ఆ పేజీకి సైన్యం ఎప్పుడో సముద్రం దాటేసింది. గబగబా తిప్పి ఆ చోటు పట్టుకునేసరికి క్లాసు మరో చోటికి పోయేది. పట్టుకున్నా, అక్కడ ఒక ప్రభువు అనాల్సిన మాట ఈమె పుస్తకంలో వేరే ప్రభువు అనేవాడు. అసలే ఆ ప్రభువులందరికీ ఊళ్ల పేర్లు. ఎవరు ఎవరికి మేనమామో, ఎవరు ఎవరి మీద పళ్లు నూరుతున్నారో తెలిసేది కాదు. అడుగుదామంటే నామోషీ. బడి చదువు లేనిదాన్ని, నాకే బుర్రకెక్కడం లేదేమో అనుకుని ఊరుకుంది.

అయినా ఆ రాజు ఆమెకు నచ్చాడు. ముట్టడిలో ఉన్న పట్నానికి, "తలుపులు తీయండి, ఒక్క ప్రాణం పోనివ్వను," అని మాటిస్తాడు. తలుపులు తీస్తారు. అంతే, మరుసటి పేజీలో గుడిగంటలు, దేవుడికి దండాలు. మాట నిలబెట్టుకున్న మగాణ్ని విన్నీ తన జీవితంలో ఎక్కువగా చూడలేదు.

మార్చిలో ఒక బుధవారం, హెడ్లీ మంబీ అనే మాంసం కొట్టు ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"నన్నడిగితే వీడు పచ్చి కసాయి, మిస్. నేనూ కసాయినే గాని, మాటిచ్చి ముప్పైమందిని ఉరి తీయించలేదు."

విన్నీ తలెత్తింది. "ఎవర్ని ఉరి తీయించాడయ్యా?"

"కోట కాపలావాళ్లని! తలుపులు తీసినవాళ్లనే! చదవలేదా తల్లీ?"

"రెండుసార్లు చదివాను. ఉరీ లేదు, గిరీ లేదు."

అందరూ నవ్వారు. పించ్‌బెక్ నవ్వలేదు గానీ, "ఇంటికెళ్లి ఇంకోసారి చూడండి మిసెస్ స్కేఫ్, పేజీలు అతుక్కుని ఉంటాయేమో," అంది.

ఇంటికెళ్లి, వంటింటి బల్ల మీద పుస్తకం పెట్టి, వరుస కింద స్కేలు పెట్టుకుని చదివింది. లేదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. లేదు. లాండ్రీలో తనతో పనిచేసి, మతి పోయి సబ్బుపొడి అల్మారాలో చెప్పులు పెట్టిన రూబీ గుర్తొచ్చింది. తనకూ అదే మొదలైందేమో అనుకుంది.

"సిరిల్, ఇటు రా. ఇందులో ముప్పైమందిని ఉరితీశారేమో చూడు."

సిరిల్ చేతులు కడుక్కొచ్చి, గంటసేపు పెదాలు కదుపుతూ చదివాడు. "ఒక్కణ్ని కూడా తీయలేదు," అన్నాడు. "ఆ మంబీగాడు తాగొచ్చుంటాడు."

"మిగతా ఏడుగురూ తాగొచ్చారా?"

పై బుధవారం ఆమె తిన్నగా పోయి పుస్తకాన్ని పించ్‌బెక్ ముందు పెట్టింది. "చూపించమ్మాయ్. నా మతి పోయిందో, మీ అందరిదీ పోయిందో ఇవాళ తేలిపోవాలి."

పించ్‌బెక్ పుటలు తిప్పింది. మొదటి పేజీకి వెళ్లి చిన్న అక్షరాలు చదివింది. ఆమె ముఖం వెలిగిపోయింది. "ఇది మీకెక్కడ దొరికింది? ఈ నాటకం రెండుసార్లు అచ్చయింది, మిసెస్ స్కేఫ్. ముందు పొట్టిది, చాలా ఏళ్ల తర్వాత పొడుగుది. మీది ఆ పొట్టిదానికి నకలు. ఉరి దృశ్యం పొడుగు పుస్తకంలోనే ఉంది."

"అయితే రాసినాయన ఏది రాశాడు?"

"తెలీదు. ముందే రాస్తే ఎవరైనా కోసేసి ఉండొచ్చు. లేదా ఆయనే తర్వాత కలిపి ఉండొచ్చు. నటులు గుర్తున్నంత వరకే చెప్పి రాయించారని కొందరంటారు."

"అదంతా నాకెందుకమ్మా! ఉరి తీశాడా, లేదా?"

పించ్‌బెక్ పుస్తకం మూసి తిరిగిచ్చింది. "పరీక్ష వరకైతే తీశాడు," అంది.

మంబీ గట్టిగా చప్పట్లు కొట్టాడు. విన్నీకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. పొడుగు పుస్తకం అరువు తీసుకుని ఇంటికొచ్చింది.

రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే అయోమయం ఇంకా పెరిగింది. అవే మాటలు, అదే ప్రమాణం, అవే గుడిగంటలు. మధ్యలో రెండు పేజీలు ఉంటే ఒక మనిషి, లేకపోతే ఇంకో మనిషి. గంటలు మాత్రం రెండింట్లోనూ మోగాయి.

చదువుతుంటే తండ్రి దినం నాటి భోజనాలు గుర్తొచ్చాయి. అప్పుడు తనకు పన్నెండేళ్లు. నాన్న మొదటి యుద్ధంలో పట్టుబడ్డ జర్మన్లకు తన సిగరెట్లు పంచాడని అమ్మ ఎప్పుడూ చెప్పేది. ఆ రోజు బాబాయి రెండు గ్లాసులు తాగి, "సిగరెట్లేనా? ఆ పొలం దగ్గర తుపాకీ పట్టుకుని ఇంకేం పంచాడో కూడా చెప్పు, వదినా," అన్నాడు. అమ్మ పందిమాంసం పళ్లెం బల్ల మీద పెట్టి వంటింట్లోకి పోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. విన్నీ కూడా అడగలేదు. అడగదగ్గ వాళ్లెవరూ ఇప్పుడు లేరు.

ఆ సంగతి సిరిల్‌తో చెప్పింది. పెళ్లయి ముప్పై ఎనిమిదేళ్లయినా ఇదివరకు చెప్పలేదు.

సిరిల్ చాలాసేపు టీ కలిపాడు. "మీ నాన్నని నేను చూడలేదు కదే," అన్నాడు చివరికి.

"నేను చూశాను. ఏం లాభం?"

జూన్‌లో పరీక్ష. రాజు దయగలవాడా కాదా, ఉదాహరణలతో చర్చించమని ప్రశ్న. చుట్టూ పదహారేళ్ల పిల్లలు టకటకా రాసేస్తున్నారు. విన్నీ పావుగంట కలం పట్టుకుని కూర్చుంది. పొడుగు పుస్తకం ప్రకారం కాదని రాయమని పించ్‌బెక్ పదిసార్లు చెప్పింది. కాదని రాసింది. రాశాక ఒకే వైపు మాట్లాడినట్టనిపించి, పొట్టి పుస్తకంలో అవునని కూడా రాసింది. ఏది నిజమో తనకు తెలియదని, తెలిసినవాళ్లుంటే చెప్పమని, ఆ పేపరు దిద్దేవాళ్లకే విన్నవించుకుంది. టైమైపోయింది.

ఆగస్టులో ఫలితం వచ్చింది. సి గ్రేడు. పాసు. సిరిల్ పక్కింటి గోడ మీదుగా అందరికీ చాటాడు. విన్నీ పించ్‌బెక్ దగ్గరికి పోయి, మార్కులు అవునన్నందుకు వేశారా, కాదన్నందుకు వేశారా అని అడిగింది.

"అది చెప్పరు, మిసెస్ స్కేఫ్. అక్షరం ఒక్కటే పంపుతారు."

"తెలిసినవాళ్లుంటే చెప్పమని రాశాను కదా!"

"చూశారా, వాళ్లకీ తెలిసినట్టు లేదు," అంది పించ్‌బెక్.

సెప్టెంబరులో కొత్త క్లాసు మొదలైంది. ఈసారి ఒక పాత నవల. పుస్తకాలు పంచుతుంటే విన్నీ తన ప్రతిని తీసుకుని, పక్కన కూర్చున్న మంబీ ప్రతినీ లాక్కుని, రెండింటి చివరి పేజీలూ ముందుగా పోల్చి చూసింది. ఒకేలా ఉన్నాయి. అయినా నమ్మకం కుదరక మధ్యలోనూ తెరిచి చూస్తుంటే, "ఇచ్చెయ్ తల్లీ, నేనూ చదువుకోవాలి," అని మంబీ చెయ్యి చాపాడు.