బేస్ గిటారు ఆయన వదిలేసిన చోట్లు

కైకలూరు ప్రార్థన సభల్లో బేస్ గిటారు వాయించే ఆయనకు చుట్టుపక్కల పెద్ద పేరు. ఎలాగైనా ఆయనలా వాయించాలని, పాలిటెక్నిక్ చదివే నేను సభలు జరిగిన మూడు రోజులూ ఎదురుగా కూర్చుని ఏ తీగ, ఏ మెట్టు, ఏ వేలు అన్నది గ్రాఫు కాగితం మీద రాసుకున్నాను. అదే పాట రోజుకోలా వచ్చేది. మధ్యమధ్యలో తీగల మీంచి చెయ్యి ఎత్తేసి, పాటకు తాళంగా ముసలమ్మలు కొట్టే చప్పట్లకు చెవి ఒగ్గేవారు.

"ఇక్కడేం వాయించారో అందలేదండీ," అని కాగితంలో ఖాళీగా మిగిలిన గళ్లు చూపించాను.

"ఏమీ వాయించలేదండీ ఇంజనీరు గారూ! అక్కడ ఆ ముసలమ్మలు వాయిస్తుంటే మధ్యలో నేనెందుకూ?"

చివరి పాటకు గిటారు నా మెడలో వేసి, వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నారు. ఖాళీ వచ్చినప్పుడల్లా కంగారుపడి నింపేశాను. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయన మాత్రం కొడుతూనే ఉన్నారు, నా చెయ్యి ఎప్పుడైనా ఆగుతుందేమోనని.