నాంపల్లి స్టేషన్ దాకా

మొన్న మేనకోడలిని రైలెక్కించడానికి బయలుదేరితే, ఆబిడ్స్‌లోని తన సూట్‌కేసుల దుకాణం మెట్లు దిగి మా వెంట నడిచిన బావ, నాంపల్లి స్టేషన్ వైపు మలుపులో ఆగి, కూతురి పెట్టె నా చేతికిచ్చి వెనక్కి వెళ్లిపోయాడు.

"మా డాడీకి టికెట్ గీడిదాకనే, మామా" అని పిల్ల నవ్వబోయింది.

"ఆ డాక్టరమ్మనే కెలికి కెలికి మనసు కరాబ్ చేసింది" అని అక్క ఎప్పటిలాగే అన్నది. నేనూ ఎప్పటిలాగే తలూపాను. కానీ నిజం అది కాదు.

కదిలే రైలును పరుగెత్తి అందుకోవడం మన వయసు వాళ్లందరికీ అలవాటే కదా. చాలా ఏళ్ల కిందట నాంపల్లి స్టేషన్‌లో అట్లా పరుగెత్తుకొస్తున్న ఒక ముసలాయనకు, రైలు తలుపు దగ్గర నిలబడ్డ బావ చెయ్యందించాడు. ఆ చెయ్యి జారింది, ఆయన చక్రాల కింద పడ్డాడు. ఆనాటి నుంచి బావకు నిద్ర లేదు, కూత వినిపిస్తే చెవులు మూసుకునేవాడు, 'నేనే విడిచిన' అన్నది తప్ప మరో మాట లేదు. మేము ఆయన ముందు రైలు ఊసెత్తకుండా, లక్డీకాపూల్ వెళ్లాలన్నా స్టేషన్ కంటపడకుండా ఆటోను బషీర్‌బాగ్ మీదుగా తిప్పుతూ, అదే ప్రేమ అనుకున్నాం.

మేము చూపించిన మనసు డాక్టరమ్మ మాత్రం జరిగిందంతా ఆయన చేతనే మళ్లీ మళ్లీ చెప్పించి, రైలు వేగం, చేతుల చెమట, ఆ ముసలాయన తడబాటు, ఇవన్నీ మీ చేతిలో ఉన్నవేనా, మీరే విడిచారని ఎట్లా తెలుసని మెల్లగా అడిగేది. బావ ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా ఏడ్చేవాడు. అయినా ఒకనాడు ఆ ప్రశ్నకు మొదటిసారి 'ఏమో' అన్నాడు. ఆమె ముఖం వెలిగింది. పక్కన కూర్చున్న నాకు ఆయన కన్నీళ్లే కనబడ్డాయి.

ఆ తర్వాత, ఆ ప్లాట్‌ఫాం మీద నిలబడి, ఆ చెయ్యి ఎట్లా జారి ఉంటుందో ఒకసారి చూసి రమ్మని చెప్పి, నన్ను తోడు పంపింది. ఆటో స్టేషన్ ముందు ఆగేసరికి బావ చొక్కా తడిసి ముద్దయింది.

"జర ఆగు, దిగుత" అన్నాడు.

ఆయన అవస్థ చూడలేక నేను, "పోనియ్ భాయ్" అని ఆటోను ముందుకు పోనిచ్చాను. లక్డీకాపూల్ దాటాక బావ నా వైపు తిరిగాడు.

"నువ్వు గూడ గట్లనే అనుకుంటున్నవా?"

చూస్తే ఆయన తప్పే తేలుతుందని నేను భయపడ్డాననుకున్నాడు. కాదని చెప్పకుండా, ఇంటికి పోనియ్యమని ఆటో అతనికి చెప్పాను. ఆయన మళ్లీ డాక్టరమ్మ గడప తొక్కలేదు. నింద ఆమె మీద పడుతుంటే పడనిచ్చాను.

మొన్న రైలు కదిలాక దుకాణానికి వెళ్లి, ఆనాడు భయపడింది నేనేనని చెప్పి, ఇప్పుడైనా పోదాం బావా అన్నాను. ఆయన పెట్టెల మీద దుమ్ము దులుపుతూనే ఉన్నాడు.

"ఇప్పుడేం జూస్తం? ఆ ప్లాట్‌ఫాం గూడ పలగ్గొట్టి కొత్తది కట్టిన్రంట గదా. నేనే విడిచిన, తియ్యి."

మనం పరుగెత్తిన ఆ పాత స్టేషన్ ఇప్పుడు గుర్తుపట్టలేనంతగా మారింది. ఆబిడ్స్ నుంచి అక్కడికి ఇప్పటికీ నడిచిపోయేంత దూరమే. బావ నోట ఆ 'ఏమో' మాత్రం నేను మళ్లీ వినలేదు.